స్త్రీలకు కండబలం: ఇంట్లోనే, ఖర్చు లేకుండా

ఆసుపత్రికి రోగితో పాటు తోడుగా వచ్చేవారిలో ఎక్కువ మంది స్త్రీలే. తల్లి, భార్య, కూతురు, కోడలు ఎవరో ఒకరు. మంచంలో ఉన్న మనిషిని లేపి కూర్చోబెట్టేది, బాత్‌రూము వరకు నడిపించేది, రాత్రి మంచం పక్కన చాప వేసుకుని పడుకునేది వాళ్ళే. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళిన తరువాత ఈ బరువు తగ్గదు, పెరుగుతుంది. అక్కడ నర్సులు ఉండరు, ఆయాలు ఉండరు. రోగిని చూసుకునే మనిషికే నడుము పట్టేసినా, ఆమే కిందపడి ఎముక విరిగినా ఆ ఇల్లు ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

అందుకే ఈ వ్యాసం రోగి గురించి కాదు. రోగిని చూసుకుంటున్న మీ గురించి, మీ ఇంట్లోని స్త్రీల గురించి.

"రోజంతా పని చేస్తూనే ఉన్నాం కదా!"

వ్యాయామం అనగానే చాలామంది తల్లులు అనే మాట ఇది. ఈ మాటలో నిజం ఉంది. ఇంటి పని తేలికైనది కాదు. అయితే పని వేరు, బలం పెంచే వ్యాయామం వేరు.

కండరానికి ఒక స్వభావం ఉంది. రోజూ మోసే బరువుకు అది అలవాటు పడిపోతుంది. ఆ బరువుకు సరిపడా బలం ఉంటే చాలని అక్కడే ఆగిపోతుంది. బలం పెరగాలంటే బరువు కొద్దికొద్దిగా పెరగాలి, మధ్యలో విశ్రాంతి దొరకాలి. ఇంటి పనిలో ఈ రెండూ ఉండవు. పైగా ఊడవడం, తుడవడం, అంట్లు తోమడం వంటి పనులన్నీ నడుము వంచి చేసేవే. వాటివల్ల నడుము అలసిపోతుందే గాని తొడలకు, పిరుదులకు, వీపు పైభాగానికి తగినంత పని పడదు.

ఇంకొక సంగతి. మన అమ్మమ్మలు రుబ్బురోట్లో పిండి రుబ్బారు, రోకలితో దంచారు, నూతిలో నీళ్ళు తోడారు, నేల మీద కూర్చుని భోంచేసి లేచారు. ఇప్పుడు మిక్సీ, గ్రైండరు, మోటారు, వంటగట్టు, డైనింగు టేబులు వచ్చాయి. కష్టం తగ్గింది, మంచిదే. కాని దానితో పాటు రోజుకు పదిసార్లు నేల మీద నుంచి లేచే అలవాటూ పోయింది. పోయిన ఆ పనిని వేరే రూపంలో శరీరానికి మళ్ళీ ఇవ్వాలి.

శరీరంలో ఏం జరుగుతుంది?

ముప్పై ఏళ్ళు దాటిన తరువాత, వ్యాయామం లేకపోతే ప్రతి పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది. అరవై దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. బరువు చూసుకుంటే మారినట్టు కనిపించకపోవచ్చు, ఎందుకంటే తగ్గిన కండ స్థానంలో కొవ్వు చేరుతుంది.

స్త్రీలకు దీనికి తోడు మరొకటి. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను పడిపోతుంది. ఎముకలను కాపాడే హార్మోను అది. అందువల్ల ఆ తరువాతి కొన్నేళ్ళలో ఎముకలు వేగంగా పలచబడతాయి. ఒకవైపు ఎముక పెళుసు, మరోవైపు కాలిలో బలం లేదు. తడి నేల మీద కాలు జారితే నిలదొక్కుకోలేరు. వయసు మీరిన వారిలో తుంటి ఎముక విరగడానికి చాలావరకు కారణం ఇలా కిందపడడమే.

కండరానికి పని పెడితే జరిగే మేలు ఇది:

కండరం ఎముకను లాగుతుంది. ఆ లాగుడు వల్ల ఎముక గట్టిపడుతుంది, కనీసం పలచబడడం నెమ్మదిస్తుంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరమే, కాబట్టి షుగరు అదుపుకు సహాయపడుతుంది. తొడ కండరం బలపడితే మోకాలి కీలు మీద భారం తగ్గుతుంది. కాలు జారినప్పుడు నిలదొక్కుకునే శక్తి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలి. 65 ఏళ్ళు దాటినవారు వారానికి మూడు రోజులు బలంతో పాటు, పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు కూడా చేయాలి. నడక మంచిదే, మానవద్దు. కాని నడక ఒక్కటే ఈ పని చేయలేదు.

ముందుగా ఒక చిన్న పరీక్ష

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. మధ్యలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, రెండు చేతులనూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. ఇంకొకరు గడియారం చూస్తూ ఉండగా 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి మళ్ళీ కూర్చోగలరో లెక్కపెట్టండి.

స్త్రీలలో 60 నుంచి 64 ఏళ్ళవారు 12 కంటే, 65 నుంచి 69 ఏళ్ళవారు 11 కంటే, 70 నుంచి 79 ఏళ్ళవారు 10 కంటే తక్కువసార్లు లేవగలిగితే కాళ్ళలో బలం తగ్గిందని, కిందపడే ప్రమాదం ఉందని అర్థం. చేతుల సాయం లేకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే భయపడవద్దు, కాని ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. వచ్చిన అంకెను కాలెండరు మీద రాసిపెట్టుకోండి. రెండు నెలల తరువాత మళ్ళీ చేసి చూసుకోవాలి.

మొదలుపెట్టే ముందు

ఈ క్రింది వారు డాక్టరును అడిగిన తరువాతే మొదలుపెట్టాలి: గుండె జబ్బు ఉన్నవారు, బి.పి. అదుపులో లేనివారు, ఈమధ్య ఆపరేషను అయినవారు, గర్భిణులు, కాన్పు లేక సిజేరియన్ అయి ఎక్కువ కాలం కానివారు, గర్భసంచి జారినవారు, హెర్నియా ఉన్నవారు, ఎముకలు బాగా పలచబడ్డాయని తేలినవారు.

షుగరుకు ఇన్సులిన్ లేక మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో చేయవద్దు. పంచదార దగ్గర పెట్టుకోండి. చెమటలు పట్టి, వణుకు వస్తే వెంటనే ఆపి, పంచదార నీళ్ళు తాగి, తరువాత డాక్టరుకు తెలియజేయాలి.

పొడి నేల మీదే చేయండి. చీర కుచ్చిళ్ళు కాలికి తగలకుండా దోపుకోండి, లేదా చుడీదారు వేసుకోండి. భోజనం చేసిన రెండు గంటల వరకు వద్దు. మొదట అయిదు నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడిచి, భుజాలు గుండ్రంగా తిప్పి ఒళ్ళు వేడెక్కించుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: ఊపిరి బిగపట్టకండి. బిగపడితే బి.పి. ఒక్కసారిగా పెరుగుతుంది. కష్టపడే సమయంలో ఊపిరి వదలండి, తేలికయ్యే సమయంలో పీల్చుకోండి. బయటికి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతట అదే ఆడుతుంది.

ఏడు వ్యాయామాలు

1. కుర్చీలోంచి లేవడం (తొడలు, పిరుదులు): కుర్చీ అంచుకు వచ్చి కూర్చోండి. పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, కొంచెం ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా కూర్చోండి. బలం పెరిగేది ఇలా నెమ్మదిగా దిగడంలోనే ఎక్కువ. లేవలేనివారు తొడల మీద చేతులు ఆనించుకోవచ్చు, లేదా కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఈ ఎత్తు చాలా ఉపయోగం.

2. గోడను నెట్టడం (ఛాతీ, భుజాలు, చేతులు): గోడకు చేయిచాపు దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తున గోడకు ఆనించండి. మోచేతులు వంచుతూ గోడ దగ్గరికి వచ్చి, మళ్ళీ వెనక్కి నెట్టుకోండి. తల నుంచి మడమ వరకు శరీరం ఒకే గీతగా ఉండాలి. ఇది తేలికయ్యాక గోడకు బదులు వంటగట్టును పట్టుకుని చేయండి. గట్టు ఎంత కిందికి ఉంటే అంత కష్టమవుతుంది.

3. సంచీ లాగడం (వీపు): ఒక గుడ్డసంచీలో కిలో పప్పు పొట్లాలు రెండు వేయండి. ఎడమ చేయి బల్ల మీద ఆనించి, వీపు తిన్నగా ఉంచి ముందుకు వంగండి. కుడి చేతిలోని సంచీని మోచేయి వెనక్కి పోయేలా నడుము పక్కకు లాగి, నెమ్మదిగా దించండి. తరువాత రెండో చేయి. గూని రాకుండా కాపాడేవి ఈ వీపు కండరాలే.

4. బకెట్టు ఎత్తడం (పిరుదులు, నడుము): ముందు బకెట్టు లేకుండా నేర్చుకోండి. గోడకు వీపు పెట్టి, గోడకు జానెడు దూరంలో నిలబడండి. వీపు వంచకుండా, మోకాళ్ళు కొద్దిగా మడిచి, పిరుదులను వెనక్కి తోసి గోడకు తగిలించండి. మళ్ళీ నిలబడండి. వంగాల్సింది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. ఇది వచ్చాక ఖాళీ బకెట్టును పీట మీద పెట్టి, ఇదే పద్ధతిలో కాళ్ళ దగ్గరి నుంచి ఎత్తి దించండి. తరువాత నీళ్ళు పోయండి. లీటరు నీళ్ళంటే కిలో బరువు. వారానికొక లీటరు చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. ఇంతకంటే చవకైన బరువు, ఇంత కచ్చితంగా పెంచుకోగల బరువు బజారులో దొరకదు.

5. పడుకుని తుంటి ఎత్తడం (పిరుదులు, నడుము): చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. పాదాలు నేలకు నొక్కుతూ తుంటిని పైకెత్తి, అయిదు అంకెలు లెక్కపెట్టి నెమ్మదిగా దించండి. నేల మీద నుంచి లేవలేనివారు గట్టి మంచం మీద చేయవచ్చు.

6. మడమలు ఎత్తడం (పిక్కలు, నిలకడ): కిటికీ చువ్వలు లేక వంటగట్టు పట్టుకుని, ముని వేళ్ళ మీద లేచి నెమ్మదిగా దిగండి. తరువాత ఒక చేతితోనే పట్టుకుని, ఆ తరువాత ఒక్క వేలు ఆనించి చేయండి. అన్నం ఉడికే లోపు అయిపోయే వ్యాయామం ఇది.

7. కటి కండరాల బిగింపు: దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువు ఎత్తినప్పుడు చుక్క మూత్రం జారడం కాన్పులైన స్త్రీలలో చాలామందికి ఉంటుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. దీనికి 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు చెప్పిన వ్యాయామం ఇప్పటికీ మొదటి చికిత్స. మూత్రం ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగుస్తుందో దాన్ని బిగించి, అయిదు లెక్కపెట్టి, మరో అయిదు లెక్కపెట్టేవరకు వదిలేయాలి. పొట్ట, తొడలు బిగించకూడదు. పదేసిసార్లు, రోజుకు మూడు పూటలా చేయండి. ఇది కూర్చుని చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం వ్యాయామంగా చేయవద్దు.

ఎన్ని రోజులు, ఎన్ని సార్లు?

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయండి. ఏడో వ్యాయామం మాత్రం రోజూ చేయాలి. విశ్రాంతి రోజున కండరం బాగుపడి బలం పుంజుకుంటుంది, కాబట్టి ఆ రోజు దండగ అనుకోవద్దు.

మొదటి రెండు వారాలు: ఒక్కొక్కటి 8 సార్లు, ఒకే విడత. సుమారు 15 నిమిషాలు.

మూడు, నాలుగు వారాలు: 8 సార్లు చొప్పున రెండు విడతలు. మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి.

అయిదు, ఆరు వారాలు: 12 సార్లు చొప్పున రెండు విడతలు.

ఏడో వారం నుంచి: బరువు పెంచి, సార్లు మళ్ళీ 8కి తగ్గించండి. 12కి చేరాక మళ్ళీ బరువు పెంచండి.

గుర్తు ఏమిటంటే, చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. కష్టం అనిపించకపోతే బరువు చాలలేదు. సరిగ్గా చేయలేక వంకరపోతుంటే బరువు ఎక్కువైంది.

మొదటి కొద్ది వారాల్లో కండ పెరిగినట్టు కనిపించదు. ఆ సమయంలో నరాలు, ఉన్న కండరాన్నే సరిగా వాడుకోవడం నేర్చుకుంటాయి. మెట్లెక్కడం తేలికైనట్టు ముందుగా తెలుస్తుంది. కండ పెరగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. మూడు వారాలు చేసి "ఏమీ లాభం లేదు" అని మానేయవద్దు.

చేసిన మర్నాడు, ఆ మర్నాడు కండరాలు కొంచెం సలపడం సహజం. కాని కీలులో పొడిచినట్టు నొప్పి, వాపు వస్తే ఆ వ్యాయామం ఆపండి. ఛాతీలో నొప్పి లేక బరువు, ఎడమ చేయి లేక దవడ లాగడం, కళ్ళు తిరగడం, ఊపిరి అందకపోవడం జరిగితే వెంటనే ఆపి కూర్చోండి. తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి రావాలి.

మీరు అడిగే ప్రశ్నలు

మగవాళ్ళలా కండలు వస్తాయా? రావు. అంత కండ పెరగడానికి కావలసిన టెస్టోస్టిరాన్ హార్మోను స్త్రీలలో చాలా తక్కువ. శరీరం గట్టిపడుతుంది, అంతే.

ఇది ఆడవాళ్ళ పనేనా? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఆడపడుచే. మనకు అంత బరువు అక్కర్లేదు. కాని రోజూ 20 లీటర్ల నీళ్ళ టిన్ను, నిండు గ్యాసు సిలిండరు జరుపుతున్నది ఆడవాళ్ళే కదా! నేర్చుకోకుండా ఎత్తడం కంటే నేర్చుకుని ఎత్తడం మేలు.

వయసైపోయింది, ఇప్పుడేం లాభం? 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో 90 ఏళ్ళ ప్రాయంలోని పదిమంది వృద్ధులతో, పర్యవేక్షణలో, ఎనిమిది వారాలు కాళ్ళ బల వ్యాయామం చేయించారు. వారి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళ కండరమే స్పందించినప్పుడు అరవై ఏళ్ళది స్పందించదా?

నెలసరి రోజుల్లో చేయవచ్చా? ఓపిక ఉంటే చేయవచ్చు. హాని లేదు. ఓపిక లేకపోతే మానేయండి.

వ్యాయామానికి తగిన తిండి

ఇటుకలు లేకుండా గోడ లేవదు. కండరానికి ఇటుక మాంసకృత్తులు, అంటే ప్రోటీను. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రోటీను కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో లేక పెరుగులో 6, గుప్పెడు వేరుశనగపప్పులో 7, గట్టి పప్పు ఒక కప్పులో 7 గ్రాములు ఉంటాయి. అన్నంలోనూ కొంత ఉంటుంది. డబ్బా పొడులు కొననక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన మేరకే తీసుకోవాలి.

అయితే అసలు చిక్కు లెక్కలో లేదు. అందరికీ వడ్డించి, చివరికి మిగిలిన చారుతో, పచ్చడితో ఇల్లాలు భోజనం ముగించడంలో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కొంచెం పనికే ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. రక్తం లేకుండా వ్యాయామం చేస్తే అలసటే మిగులుతుంది.

రోగిని లేపేటప్పుడు

నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుంది. రోగిని చేతులు పట్టి, చంకల కింద పట్టి లాగకండి. అది అతని భుజానికీ, మీ నడుముకూ ప్రమాదం. ముందుగా రోగిని ఒక పక్కకు ఒత్తిగిల్లేలా చేసి, కాళ్ళు మంచం దిగువకు దించి, అప్పుడు కూర్చోబెట్టండి. లేపేటప్పుడు మీరు వీలైనంత దగ్గరగా నిలబడి, ఒక పాదం ముందుకు పెట్టి, మోకాళ్ళు మడిచి, వీపు తిన్నగా ఉంచి, కాళ్ళ బలంతో లేవండి. నడుము మెలితిప్పకండి, పాదాలతోనే తిరగండి. ఇద్దరు కావలసిన చోట ఒక్కరే ప్రయత్నించకండి. డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపీ విభాగంలో అడిగి, మీ రోగిని ఎలా లేపాలో ఒకసారి చేసి చూపించమనండి.

ఇంట్లోని మగవారికి ఒక మాట

ఈ పుస్తకం మీ చేతిలో ఉంటే, ఈ పేజీలను మీ తల్లికి, భార్యకు చదివి వినిపించండి. అయితే వినిపించడం ఒక్కటే చాలదు. వారానికి మూడు రోజులు, ఒక్కొక్క రోజు ఇరవై నిమిషాలు ఆమెకు ఎవరూ పని చెప్పకుండా ఉండాలి. ఆ సమయంలో రోగి దగ్గర మీరు కూర్చోండి, పొయ్యి మీద పాలు మీరు చూడండి. భోజనానికి ఆమెను కూడా మీతోపాటే కూర్చోమనండి.

ఏడు వ్యాయామాలూ ఒకేసారి మొదలుపెట్టలేకపోతే రెండింటితో మొదలుపెట్టండి: కుర్చీలోంచి లేవడం, గోడను నెట్టడం. కుర్చీ, గోడ లేని ఇల్లు లేదు. ఎనిమిది సార్లు అది, ఎనిమిది సార్లు ఇది. అయిదు నిమిషాలు పడుతుంది. ఈ వారం అంతే చాలు.